కారూ బస్సూ గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చుకోవడం ఎలా?

గోదావరి జిల్లాల్లో కారూ బస్సూ గుద్దుకున్నాయంటే రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు, వెనకాల బైకుల మీద వచ్చినవాళ్లు, చేలోంచి గట్టెక్కినవాళ్లు కలిసి ఇచ్చేస్తారు. బస్సులో ఆ ఊరి జనం ఉంటే తప్పు కారుది. కారుది హైదరాబాద్ నంబరైతే మరీను. కారులో చంటిపిల్లలుండి ఏడుస్తుంటే మాత్రం తప్పు బస్సుది. ఆ తీర్పుకి లొంగకండి, దాంతో వాదనకీ దిగకండి. ఎవరు ఏం తప్పు చేశారన్నది రోడ్డు మీదా, రేకు మీదా రాసి ఉంటుంది. దాన్ని మొదటి అరగంటలో చదువుకోవాలి. ఆ తరవాత క్రేనొస్తుంది, లేదంటే వానొస్తుంది.

భీమవరం, పాలకొల్లు, రాజోలు వైపు బండ్ల నష్టం లెక్కగట్టే పని నాది. ఆ పనిలో చూసిందాన్ని బట్టి, మీరు రోడ్డు మీద నిలబడి చేయాల్సిన వరసలోనే చెబుతాను.

ముందు మనుషులు

దెబ్బలు తగిలినవాళ్లుంటే 108. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. పోలీసులకు 112. గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చడం, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్సు కంపెనీకి తెలపడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత. జనం కొడతారన్న భయంతో పక్కకు తప్పుకున్నా, నేరుగా స్టేషన్‌కే వెళ్లండి. ఇంటికి వెళ్లి పడుకున్నవాడి మాట తరవాత ఎవరూ నమ్మరు.

బండి కదిపే ముందు

కాలువ గట్టు రోడ్డు మీద రెండు బండ్లు అడ్డం పడితే అటు పది ఊళ్లు, ఇటు పది ఊళ్లు ఆగిపోతాయి. "ముందు బండి తియ్యండి బాబూ" అని అరుస్తారు. తియ్యాల్సిందే, కానీ ఐదు నిమిషాలు అడగండి. ఆ ఐదు నిమిషాల్లో చేయాల్సినవి ఇవి.

ఒక ఇటుక ముక్కో సుద్దముక్కో తీసుకుని రెండు బండ్ల నాలుగు మూలల చక్రాల దగ్గరా రోడ్డు మీద గీత గీయండి. ముందు చక్రాలు ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫొటో తీయండి. చివరి క్షణంలో డ్రైవరు బండిని ఎటు కోశాడో అవే చెబుతాయి. తరవాత దూరం నుంచి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలోనూ కదలని వస్తువు ఒకటి పడాలి: కరెంటు స్తంభం, కిలోమీటరు రాయి, తూము, వంతెన గోడ. రేపు కోర్టులో ఆ చోటును గుర్తుపట్టేది వాటితోనే. ఆ పైన ఒక వీడియో. బస్సు వచ్చిన వైపు యాభై అడుగులు వెనక్కి వెళ్లి, బస్సు డ్రైవరుకు రోడ్డు ఎలా కనపడి ఉంటుందో అలా నడుస్తూ తీయండి. కారు వచ్చిన వైపు నుంచి కూడా అలాగే. మలుపులో కొబ్బరి చెట్లు అడ్డమా, ధాన్యం రాశి అడ్డమా, ఆగి ఉన్న ట్రాక్టరు అడ్డమా అన్నది ఈ రెండు వీడియోల్లో తేలిపోతుంది.

మీ కారులో డ్యాష్ కెమెరా ఉంటే మెమరీ కార్డు తీసేసి వేరే దాచండి. దాన్ని వాట్సాప్‌లో పదిమందికి పంపి, అసలు కార్డును మళ్లీ కెమెరాలో పెట్టి తిప్పితే పాత రికార్డు చెరిగిపోతుంది. దాని కాపీని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అసలు కార్డు చేతిలో ఉంటే ఆ పని సులువు.

గాజుపెంకులు కాదు, మట్టి చూడండి

ఎక్కడ తగిలిందన్నదే అన్నిటికీ మూలం. చాలామంది గాజుపెంకులు పడ్డ చోటే గుద్దిన చోటనుకుంటారు. గాజు బండి వేగంతో పాటు ముందుకు ఎగిరి పడుతుంది, దాన్ని నమ్మకండి. మట్టిని నమ్మండి.

మన డెల్టాలో ఏ బండి కిందైనా, చక్రాల పైనుండే రేకు లోపల నల్లమట్టి ఎండి పట్టుకుని ఉంటుంది. గుద్దిన అదురుకి అది పెళ్లలు పెళ్లలుగా ఊడి ఉన్నచోటే కింద పడుతుంది. ఒకవైపు చక్రపు వంపు తేలి, రెండోవైపు గరుకుగా ఉండే పెళ్ల దొరికిందంటే గుద్దిన చోటు మీ కాళ్ల దగ్గరే ఉన్నట్టు. దానికి దగ్గర్లోనే తారును ఇనుము గోకినట్టు ఒక గాడి కనపడొచ్చు. రేకు నలిగి కిందికి వంగినప్పుడు, బండ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకున్న క్షణంలో పడేది అది. మట్టి పెళ్లా, తారు మీద గాడీ ఒకే చోట ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

టైరు గీతలు కూడా చూడండి, కానీ జాగ్రత్తగా. పొడి తారు మీద కారు నాలుగు చక్రాలూ బిగుసుకుని 20 మీటర్లు జారిందంటే, బ్రేకు వేసేటప్పటికి వేగం గంటకు సుమారు 60 కిలోమీటర్లు ఉన్నట్టు. రోడ్డు తడిగా ఉంటే అదే గీత ఇంకా తక్కువ వేగానికే పడుతుంది. భీమవరం, ఆకివీడు, ఉండి రోడ్ల మీద రొయ్యల, చేపల వ్యాన్లు నీళ్లు కారుస్తూ పోతాయి. ఎండాకాలంలోనూ రోడ్డు పట్టు తప్పేది అందుకే. ఆ తడి ఫొటోలో పడాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లకు గీత సరిగ్గా పడదు. కాబట్టి గీత లేనంత మాత్రాన బ్రేకు వేయలేదని తేల్చేయకండి.

టేపు తీయండి

ఇది ఎవరూ చేయరు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తారు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెడల్పు కొలవండి. టేపు లేకపోతే అడుగులు వేసి కొలవండి.

మన రోడ్లు చాలావరకు మూడు రకాలు. ఒక వరస రోడ్డు 3.75 మీటర్లు, మధ్యరకం 5.5 మీటర్లు, రెండు వరసలది 7 మీటర్లు. బస్సు వెడల్పు చట్టప్రకారం 2.6 మీటర్లు మించకూడదు. మామూలు కారు 1.7 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి.

3.75 మీటర్ల రోడ్డు మీద రెండూ కలిపితే 4.3. అంటే తారు మీద ఉండి దాటుకోవడం అసలు కుదరదు. ఇద్దరూ వేగం తగ్గించి మార్జిన్‌లోకి, అంటే తారు పక్కన మట్టిలోకి, దిగాల్సిందే. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న ఒకటే, మార్జిన్‌లోకి ఎవరు దిగారు? మట్టిలో ఎడమ చక్రాల జాడ ఎవరిదుందో చూడండి. కారు జాడ మార్జిన్‌లో రెండు బారలు కనపడి, బస్సు జాడ తారు దిగకపోతే సైడ్ ఇవ్వనిది బస్సే. అయితే వానాకాలంలో గట్టు మార్జిన్‌లోకి దిగిన బస్సు కాలువలోకి జారే ప్రమాదం ఉంది. ఆ మాట బస్సు డ్రైవరు తప్పకుండా చెబుతాడు, అందులో నిజమూ ఉంది. దానికి జవాబు: దిగలేనివాడు ఆగాలి. ఆగిన బస్సును కారు గుద్దితే లెక్క మారిపోతుంది.

5.5 మీటర్ల రోడ్డులో సగం 2.75. బస్సు తన సగంలో పడుతుంది, కానీ మిగిలేది జానెడు కూడా లేదు. గుద్దిన చోటు బస్సు ఎడమ తారు అంచు నుంచి 3.2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అంటే మధ్యగీత దాటి మూరెడు కారు వైపున తగిలింది, బస్సుకు తన ఎడమ పక్కన రెండడుగుల తారు ఖాళీగా ఉండగానే. అదే చోటు 2.3 మీటర్ల దగ్గర ఉంటే కారే మూరెడు బస్సు వైపుకు వెళ్లింది. ఇంతకు మించిన సాక్షి మీకు దొరకడు.

7 మీటర్ల రోడ్డు మీద చోటు చాలలేదన్న సాకు ఎవరికీ లేదు.

ఒక మెలిక ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజుల్లో రోడ్డుకి ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు, రాత్రి టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. అప్పుడు రోడ్డు వెడల్పు తారు వెడల్పు కాదు, మిగిలింది మాత్రమే. అడ్డు ఎవరి వైపున ఉందో వాళ్లు ఆగి, ఎదురొచ్చే బండి దాటాక వెళ్లాలి. బస్సు తన వైపున్న ధాన్యాన్ని తప్పించుకోవడానికి కుడికి వచ్చి కారును గుద్దితే, అది పెద్ద బండి కావడం దానికి హక్కేమీ ఇవ్వదు. ధాన్యం రాశిని రాళ్లతో సహా ఫొటో తీయండి, తెల్లారేసరికి ఎత్తేస్తారు.

ఎవరు ఆగాల్సింది?

చోటు తేలాక ఈ ప్రశ్నకు రండి. గుద్దింది ఎవరన్నది కాదు, ఆ క్షణంలో ఆగాల్సిన బాధ్యత ఎవరిది, ఆగడానికి అతనికి అవకాశం ఉందా అన్నది. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు ఇందుకు ఆధారం.

పక్క రోడ్డు నుంచో లాకు వంతెన దిగో పెద్ద రోడ్డెక్కే బండి ఆగి చూసుకుని ఎక్కాలి. సిగ్నల్ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి. మలుపులో, ఇరుకు వంతెన మీద, ఎదురు రోడ్డు కనపడని చోట ఓవర్‌టేక్ చేయకూడదు. డెల్టాలో ఈ ఆఖరిది బాగా గుర్తుంచుకోండి. కాటన్ నాటి నుంచి ఈ కాలువలు సాగుకే కాక పడవలకూ దారి. కింద పడవ పోవాలి కాబట్టి వంతెనలు ఎత్తుగా కట్టారు. వంతెన ఎక్కేదాకా అవతలి బండి కనపడదు. ఆ ఎత్తు మీద బస్సును దాటబోయిన కారుకు ఏ సాక్షీ సాయం చేయలేడు. అటునుంచి మరో బండిని దాటుతూ వచ్చిన బస్సుకూ అంతే.

వెనక నుంచి గుద్దిన కేసుల్లో మొదటి అనుమానం వెనకవాడి మీదే. 2018లో నిషాన్ సింగ్ కేసులో, ముందు వెళ్తున్న లారీకి 10-15 అడుగుల దూరంలోనే కారు నడిపిన డ్రైవరుదే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పల్లెవెలుగు బస్సు వెనకాల పోతున్నప్పుడు ఇది మరీ వర్తిస్తుంది. చెయ్యెత్తితే ఆగే బస్సు ఎక్కడైనా ఆగుతుందని ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తెలియదనడానికి వీల్లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లు పైనే పోతుంది. కాలు బ్రేకు మీదికి వచ్చేలోపే ఒక బస్సు పొడవు దాటిపోతుంది.

అలాగని వెనకవాడిదే వంద శాతం అనుకోకండి. బస్సు మార్జిన్‌లోకి దిగకుండా నడిరోడ్డు మీద ఆగిందా? ఇండికేటరు వేసిందా? వెనక దీపాలు, బ్రేకు దీపాలు వెలుగుతున్నాయా? రాత్రి పూట అయితే బస్సు వెనక దీపాల మీది బురదను కూడా దగ్గర నుంచి ఫొటో తీయండి. మురమళ్ల రోడ్డు మీదో, దిండి రోడ్డు మీదో వానలో పోయిన బస్సుకు వెనక దీపం ఉన్నా లేనట్టే ఉంటుంది.

ఊళ్లలోని సెంటర్లలో మరో రకం జరుగుతుంది. అమలాపురం గడియారస్తంభం దగ్గరలాంటి ఇరుకు మలుపుల్లో బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అదే సమయంలో వెనక చక్రాల అవతల ఉండే తోకభాగం కుడికి విసురుతుంది. ఎడమ పక్కన దూరిన కారుకు తలుపు మీద దెబ్బ, కుడి పక్కన ఉన్న కారుకు ముందు మూల మీద దెబ్బ తగులుతాయి. రేకు మీద గీత ఎటు మొదలై ఎటు ఆగిందో చూడండి. రంగు చెక్కు ఒక చివర గుట్టగా పేరుకుంటుంది, అది గీత ఆగిన చివర. తలుపు మీద గీత ముందు నుంచి వెనక్కి పోతే మీరే బస్సును దాటి ముందుకు దూరుతున్నారన్నమాట. వెనక నుంచి ముందుకు పోతే బస్సు మిమ్మల్ని ఒరుసుకుంటూ దాటింది.

టిక్కెట్టు అడగండి

సాక్షులంటే అరిచేవాళ్లు కాదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు, కొట్టులో ఉన్న మనిషి, ఎదురుగా వస్తున్న మరో బండివాళ్లు. పేరూ ఫోన్ నంబరూ తీసుకోండి, ఏం చూశారో వాళ్ల మాటల్లోనే ఒక నిమిషం రికార్డు చేయమనండి. మర్యాదగా "అండీ, మీరేం చూశారో అదే చెప్పండి చాలు" అంటే చెబుతారు. మీ వైపు చెప్పమంటే జారుకుంటారు.

బస్సు ప్రయాణికుడి టిక్కెట్టు ఒకటి ఫొటో తీసుకోండి. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, ఇచ్చిన సమయం అందులో ఉంటాయి. ఆ స్టేజీ నుంచి ప్రమాదం జరిగిన చోటుకు దూరం, పట్టిన సమయం తెలిస్తే బస్సు ఎంత తొందరలో వచ్చిందో ఒక అంచనా దొరుకుతుంది. పక్కా రుజువు కాదు, కానీ "నేను నెమ్మదిగానే వస్తున్నా సార్" అన్న మాటకు ఎదురుగా పెట్టడానికి పనికొస్తుంది. పెట్రోలు బంకు, రైసు మిల్లు, రొయ్యల కంపెనీ గేటు దగ్గర కెమెరాలుంటే ఆరోజే వెళ్లి అడగండి. ఇవ్వకపోతే ఫుటేజీ భద్రపరచమని స్టేషన్‌లో కాగితం ఇవ్వండి. కొద్ది రోజుల్లో పాతది చెరిగి కొత్తది ఎక్కేస్తుంది.

స్టేషన్‌లో

ఫిర్యాదును మీరే రాయండి. ఎవరో చెబితే రైటరు రాసినది కాదు. "అతివేగంగా, నిర్లక్ష్యంగా వచ్చి గుద్దినాడు" అన్న పడికట్టు వాక్యం ఒక్కటే రాసి ఊరుకుంటే మీరు కొలిచిందంతా వృథా. బస్సు ఎటు నుంచి ఎటు పోతోంది, రోడ్డు వెడల్పు ఎంత, ఏ అంచు నుంచి ఎంత దూరంలో తగిలింది, మార్జిన్‌లో ఎవరి జాడ ఉంది, ఇవి రాయండి. పోలీసులు ప్రమాదం జరిగిన చోటు రఫ్ స్కెచ్ గీసేటప్పుడు దగ్గరుండి ఆ కొలతలు అందులో పడేలా చూసుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 2024 జులై 1 తరవాతి ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నిర్లక్ష్యపు డ్రైవింగుకు సెక్షన్ 281, గాయాలకు 125, ప్రాణం పోతే 106(1).

బస్సు వాళ్లు ముందే వెళ్లి మీ మీద కేసు పెట్టేశారా? కంగారు పడకండి. మీ ఫిర్యాదు మీరివ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. ఎఫ్ఐఆర్‌లో ఎవరి పేరుంటే వాళ్లదే తప్పని నష్టపరిహారం కోర్టు కట్టుబడనక్కర్లేదు. అక్కడ క్రిమినల్ కేసంత గట్టి రుజువు అడగరు, ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందో అదే చూస్తారు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు అని మనం పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి రెండు బండ్లనూ చూసి రిపోర్టు ఇస్తారు. అది అయ్యేదాకా కారును షెడ్డులో విప్పించకండి. యాంత్రిక లోపం లేదని రాస్తే "బ్రేకులు పడలేదు" అన్న వాదన అక్కడితో పోతుంది.

ఈలోగా ఎవరో ఒకరు పక్కకు పిలిచి "కేసెందుకండీ, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. రేకు మాత్రమే వంగి, మనుషులకేమీ కాకపోతే రాజీ మంచిదే. నేనూ అదే చెబుతాను. కానీ ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. మెడ నొప్పి, నడుం నొప్పి మర్నాటికి గాని బయటపడవు కాబట్టి ఆరోజే "ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసివ్వకండి.

తప్పు పంచుకునే లెక్క

చాలా కేసుల్లో తప్పు ఒక్కరిదే అని తేలదు, శాతాలుగా పంచుతారు. 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చిన కోయంబత్తూరు కేసు చూడండి. హైవే మీద ఒక కారు సంకేతమేమీ లేకుండా హఠాత్తుగా ఆగింది. వెనక బైకు దాన్ని గుద్ది పడిపోయింది, ఆ వెనక బస్సు కుర్రాడి కాలు మీదుగా పోయింది. కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, బైకు నడిపిన కుర్రాడికి 20 శాతం తప్పు వేశారు. అతని పరిహారంలో ఆ 20 శాతం కోత పడింది.

కారు నడిపింది మీరైతే మీ వాటా శాతం మీ పరిహారంలోంచి తగ్గుతుంది. మీ కారులో కూర్చున్న మీ అమ్మగారి విషయం వేరు. ఆవిడ ఎవరినీ గుద్దలేదు. రెండు బండ్లదీ తప్పైతే ఆవిడ మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యెయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లోవాళ్లు "నీ మీద కేసు వేసినట్టవుతుందేమోరా" అని మొహమాటపడి ఊరుకుంటారు. కట్టేది మీ ఇన్సూరెన్సు కంపెనీ, మీరు కాదు. ముందుగా మీ పాలసీలో కారులోని ప్రయాణికులకు రక్షణ ఉందో లేదో మాత్రం చూసుకోండి. వట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే అది ఉండకపోవచ్చు.

ఎవరి మీద వేయాలి, ఎప్పటిలోగా

బస్సు ఎవరిదో ఆరోజే తెలుసుకోండి. ఆర్టీసీ సొంత బస్సైతే క్లెయిము సంస్థ మీద. సొంత నిధి పెట్టుకునే ప్రభుత్వ రవాణా సంస్థలకు ఇన్సూరెన్సు నుంచి మినహాయింపుకు చట్టం 146వ సెక్షన్‌లో వీలుంది కాబట్టి ఇన్సూరెన్సు కంపెనీ కోసం వెతుకుతూ కూర్చోకండి. ఆర్టీసీ రంగే వేసుకున్న అద్దె బస్సైతే యజమానినీ, అతని ఇన్సూరెన్సు కంపెనీనీ, సంస్థనూ ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి. కాలేజీ బస్సూ, ట్రావెల్స్ బస్సూ అయితే ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నష్టపరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలల్లోగా వేయాలని 166వ సెక్షన్‌లో 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చెబుతోంది. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా, ఎదుటివాళ్లు ఉండే చోటైనా వేయొచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి రాజోలు వచ్చి దెబ్బ తిన్నవాళ్లు వాయిదాకోసారి కోనసీమకు రానక్కర్లేదు. ఎదుర్లంక వంతెన దాటి యానాంలో గుద్దుకుంటే మాత్రం మీరున్నది పుదుచ్చేరి పరిధి, కేసు దర్యాప్తు చేసేది యానాం పోలీసులే. వంతెన మీద జరిగితే ఏ వైపున జరిగిందో ఫొటోలో తెలిసేలా తీయండి, లేకపోతే రెండు స్టేషన్ల మధ్యా తిప్పుతారు. అలా తిప్పితే ఏదో ఒక చోట జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టేది) కట్టమని అడగండి.